మూడుసార్లు కడిగిన కంప్యూటర్

రోజూ పొద్దున ఏడున్నరకు డీటీపీ దుకాణం షట్టర్ లేపగానే యోహాను చేసే మొదటి పని తుడవడం. గడప ముందర నీళ్లు చల్లి, పాత లుంగీ నుంచి చింపిన మెత్తటి గుడ్డతో కీబోర్డు, తెర, సీపీయూ డబ్బా మూడుసార్లు తుడుస్తాడు. ఒకసారి పొడిగుడ్డతో, ఒకసారి కాస్త తడిపి, మళ్లీ పొడిగుడ్డతో. బియ్యమైనా మూడు నీళ్లు కడగాలన్నది వాళ్లమ్మ సాయమ్మ నేర్పిన మాట. తుడిచాక కీబోర్డు మీద అరచెయ్యి ఆనించి, "ప్రభువా, ఇయ్యాల ఎవరి పేరూ తప్పు పోకుండ సూడు" అని కళ్లు మూసుకుని, అప్పుడు స్విచ్ వేస్తాడు. కోదాడ బస్టాండు వెనక సందులో ఇరవై రెండేళ్లుగా పెళ్లికార్డులు, దశదినకర్మ కార్డులు, చర్చి పాటల కాగితాలు టైపు చేస్తున్నాడు. పెళ్లికూతురి పేరు తప్పు పడిందని ఒక్కరూ తిరిగి రాలేదు.

శుభ్రమంటే అంత పట్టింపు ఉన్నవాడు కాబట్టే మోసపోయాడు.

ఆ నెలంతా తెర మూలన ఓ ఎర్ర డబ్బా తేలుతూ వచ్చింది. 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అని రాసి, కుయ్యిమని చప్పుడు. మూసేస్తే పోతుంది, పెళ్లికార్డులో ముహూర్తం టైపు చేస్తుండగా మళ్లీ వస్తుంది. పక్కన సెల్‌ఫోన్ల షాపు రాజును అడిగితే ఒక యాంటీవైరస్ ఎక్కించాడు. దాంతో తగ్గలేదని ఇంకొకటి ఎక్కించాడు. ఒక వాకిట్లో రెండు కుక్కలను కట్టేసినట్టయింది. దొంగ సంగతి మరిచి అవి ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతుంటే, పేజీ తెరుచుకునేలోపు యోహాను చాయ్ తాగి రావలసి వచ్చేది.

"ఇదేం పరేషాన్ రా రాజూ! మందు ఏసినకొద్దీ రోగం పెరుగుతుంది."

"గట్లనే ఉంటదన్నా. లోపల చెత్త పేరుకుంది. ఆ ఎర్ర డబ్బాలనే క్లీనర్ ఉంది గద, దాన్ని నొక్కు. ఊకెనే అరుస్తదా అది?"

చెత్త అన్న మాట యోహానుకు తగిలింది. నొక్కాడు. వెయ్యిన్నీ ఎనిమిది వందల నలభై ఆరు సమస్యలు ఉన్నాయంది. ఇరవై రెండేళ్లు పైపైనే తుడిచానా అని సిగ్గుపడ్డాడు. మూడు నెలలుగా తెరవని ఫైళ్లు తీసెయ్యనా అని అడిగితే సరేనన్నాడు. లోతుగా కడగనా అంటే దానికీ సరేనన్నాడు. ఒకసారికి ఊరుకునే మనిషి కాదాయె. అమ్మ చెప్పిన లెక్కన మూడుసార్లు కడిగించాడు. మూడోసారికి సమస్యలు సున్నా, పక్కన ఆకుపచ్చ టిక్కు. తోమిన గిన్నెలు బోర్లించినంత హాయిగా ఇంటికి వెళ్లి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున నాగయ్య పాటలు ప్రింటు తీద్దామని చూస్తే ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంది.

నాగయ్యది గరిడేపల్లి. డెబ్బై ఏళ్ల రైతు, భజన బృందం పెద్ద. ఆయన గురువు బీరప్ప కట్టిన తొంభై ఏడు కీర్తనలు ఒకే ఒక్క నోట్‌బుక్కులో ఉండేవి. తడిసి, అంచులు రాలిపోతున్న ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని రెండేళ్లపాటు వారానికోసారి కోదాడ వచ్చేవాడు. చర్చికి పోయే యోహాను ఆ రాముడి పాటలను అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాడు. అర్థం కానిచోట నాగయ్య పాడి వినిపించేవాడు. వచ్చే పౌర్ణమికి గురువు ఆరాధన, ఆ రోజు పుస్తకం పంచాలి. నాలుగు నెలల కింద టైపు పూర్తయిన రోజు యోహానే అన్నాడు: "కంప్యూటర్ల పడ్డదంటే రాతిమీద చెక్కినట్టే పెద్దయ్యా. ఇగ నువ్వు నిమ్మళంగ ఉండు." ఆ మాట నమ్మి నాగయ్య మంచిరోజు చూసుకుని, శిథిలమైన దైవనామం కాళ్లకింద పడకూడదని, ఆ నోట్‌బుక్కును పసుపు గుడ్డలో చుట్టి మట్టపల్లి దగ్గర కృష్ణలో కలిపి వచ్చాడు.

పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి ఉండాలి కదా అనుకుంటారేమో. ఉంది. కాకపోతే అది ఏడాదిగా కంప్యూటర్‌కే గుచ్చి ఉంది. క్లీనర్ దాన్నీ మూడుసార్లు కడిగింది.

యోహాను సీపీయూ డబ్బాను దుప్పట్లో చుట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు. ఒళ్లో పసిపిల్ల ఉందనుకుని ఒకావిడ లేచి కిటికీ సీటు ఇచ్చింది. కంప్యూటరని తెలిశాక కూడా, "పట్టుకునేది చూస్తే పాణమున్నట్టే ఉంది, కూసో అన్నా" అని నిలబడే వచ్చింది. గరిడేపల్లి స్టేజీలో బస్సాగినప్పుడు యోహాను తలవంచి, చెప్పు సర్దుకుంటున్నట్టు నటించాడు.

మిర్యాలగూడలో రిపేరు షాపు పెట్టిన ప్రవళికకు పాతికేళ్లుంటాయి. అంతా విని మొదట అడిగింది ఒక్కటే.

"కడిగినంక దీంట్ల కొత్తగ ఏమన్న రాసినవా అంకుల్?"

"లేదు బిడ్డా. కడుగుడే కడిగిన. మూడుసార్లు."

"మూడుసార్లా!" ఆ పిల్ల నుదురు కొట్టుకుంది. "సరే తియ్, దొరికినకాడికి తీస్త."

పోయిన ఫైళ్లను వెతికే పని మొదలుపెట్టి, ఆమె తన టిఫిన్ డబ్బాలోని పచ్చిపులుసు అన్నం సగం మూతలో పెట్టి ఆయన ముందుకు జరిపింది. తినబుద్ధి కాకపోయినా తిన్నాడు. ఆ తర్వాత ఆమె ఇంకా ఎవరూ వాడని కొత్త కంప్యూటరొకటి ముందుకు లాగి, అదే క్లీనర్‌ను అందులో ఎక్కించింది.

"దీంట్ల ఏముంది అంకుల్?"

"ఏముంటది, పొద్దున్నే డబ్బా ఇప్పినవాయె."

క్లీనర్ చెప్పింది: పదమూడు వందల పన్నెండు సమస్యలు. వెంటనే బాగు చేయించుకోకపోతే ప్రమాదం.

"పురిటిపిల్లకు మోకాళ్ల నొప్పులున్నయనే డాక్టర్ దగ్గరికి పోతవా నువ్వు?"

"పోను."

"మరి దీన్నెట్ల నమ్మినవ్?"

యోహానుకు ఒళ్లు మండింది. "ఆకుపచ్చ టిక్కు పెట్టింది గదనే! నాకేం తెలుసు? ఒకడు కుయ్యిమంటడు, ఒకడు సూపిస్తడు, ఒకడు నొక్కుమంటడు. దుకాణం నడుపుకోవాల్నా, వీళ్లకు కాపలా కాయాల్నా?"

"కోపం చెయ్యకు అంకుల్. కంప్యూటర్ తోటే వచ్చిన కాపలా ఒకటి ఉంటది. మన పనికి అది చాలు. అది అరవది, బెదిరియ్యది. పిలవకుండ వచ్చి, ఇప్పుడే నొక్కు లేకపోతే ఖతం అన్నదాన్ని మాత్రం గడప తొక్కనియ్యకు. ఏదన్న కొత్తది ఎక్కియ్యాలనుకుంటే ముందు ఫోన్ల దాని పేరు కొట్టి, వాడినోళ్లు ఏమంటుండ్రో సూడు. పొమ్మంటే పోతదా పోదా అడుగు. ఇగ ఆ పెన్‌డ్రైవ్ పని అయినంక పీకి ఇంట్ల పెట్టు. తాళంచెవి ఎవరన్న తాళానికే ఇడిసిపెడ్తరా?"

ఇవన్నీ తనకు తెలియనివా! వాకిట్లోకి వచ్చి 'నీకు దోషముంది, ఇప్పుడే శాంతి చేయించు' అన్నవాడికి సాయమ్మ చేటెడు బియ్యం పోసి పంపేసేది తప్ప ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆ తెలివి తెర ముందు కూర్చోగానే ఎటు పోయిందని తనను తానే తిట్టుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఎనభై ఆరు పాటలు తిరిగి వచ్చాయి. పదకొండు రాలేదు.

వాటిని కొత్త పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని, చొక్కా జేబుకు పిన్నీసు పెట్టుకున్నాడు. షాపు పక్కన పొడుగు నోట్‌బుక్కు ఒకటి కొన్నాడు. ఈసారి గరిడేపల్లిలో తల వంచుకోలేదు, డబ్బాతో సహా దిగాడు.

నాగయ్య భార్య వీరమ్మ ముందు మంచినీళ్లు ఇచ్చి, తర్వాతే ఏమైందని అడిగింది. చెప్పాడు. ఏదీ దాచలేదు. నాగయ్య మంచం పట్టె మీద గోటితో గీస్తూ విన్నాడు.

"రాతిమీద చెక్కినట్టే అంటివి గదరా బిడ్డా!"

"అంటి పెద్దయ్యా. నా నోట్ల మన్ను వడ."

"ఛ, ఊకో. ఏవేవి పోయినయో సదువు."

యోహాను పదకొండు పేర్లు చదివాడు. ఏడింటికి నాగయ్య వెంటనే రాగం అందుకున్నాడు. ఎనిమిదోదానికి పల్లవి తర్వాత తడుముకుంటుంటే గడపలో బియ్యం ఏరుతున్న వీరమ్మ, "నలభై ఏండ్ల సంది ఆడ చరణం మింగుతనే ఉన్నవ్. నేను ఎనక అందుకోబట్టి బతికిపోతున్నవ్" అని తానే పాడింది. మిగతా మూడూ ఆమె నోటివే. యోహాను అన్నీ కొత్త నోట్‌బుక్కులో పెన్నుతో రాసుకున్నాడు. చివరి పాట రాసేసరికి పొద్దు గూట్లో పడింది, కోదాడ బస్సుకు ఇంకా పావుగంట ఉంది.

నాగయ్య నోట్‌బుక్కు తీసుకుని కళ్లకద్దుకున్నాడు. లోపలికి వెళ్లి పెట్టెలోంచి పసుపు గుడ్డ తీసి, దాన్ని పొందికగా చుట్టసాగాడు. యోహాను గబుక్కున వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పెద్దయ్యా, నీకు దండం పెడ్త, ఒక్క సాయం చెయ్. పుస్తకం అచ్చయి నీ చేతులకొచ్చిందాక దీన్ని మాత్రం నీళ్లల్ల కలపకు."