పాపయ్య బాగుచేసిన పొగ

పాపయ్యది అద్దంకి పక్క ఊరు. మిలిటరీలో బండ్ల మెకానిక్కు. పటాలం అతనికి నూరిపోసింది ఒక్కటే: ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లే బండి మచ్చ లేకుండా వెళ్లాలి. ప్లగ్గు తుడవాలి, ఎయిర్ ఫిల్టర్ కడగాలి, కార్బురేటర్ సరిచేయాలి. పొగలు కక్కే బండిని పంపినవాడు ఎర్రటెండలో పరేడ్ మైదానం చుట్టూ పరుగెత్తాల్సిందే.

పెన్షన్ తీసుకుని బయటికొచ్చాక ఫరీదాబాద్‌లోని ఒక లాబ్‌లో ఉద్యోగం దొరికింది. పెట్రోలు బండ్లు ఢిల్లీ గాలిలోకి ఎంత విషం వదులుతున్నాయో లెక్కగట్టాలని అప్పట్లో ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది. రోడ్డు మీద తిరిగే స్కూటర్లను, ఆటోలను, కార్లను బతిమాలి తెచ్చి, రోలర్ల మీద పరుగెత్తించి, పొగగొట్టానికి సంచి కట్టి, ఆ పొగను మిషన్‌లో కొలిచేవారు. కిలోమీటరుకి ఎంత పెట్రోలు కాలిందో, ఎంత పొగ వచ్చిందో తేలితే, దాన్ని ఊళ్లో ఉన్న బండ్ల సంఖ్యతో హెచ్చవేయడమే. ఆ హెచ్చవేత పెద్దసారు అనంతరామయ్యది. బండిని రోలర్ల మీదకి ఎక్కించే పని పాపయ్యది.

ఎక్కించే ముందు ప్రతి బండినీ పాపయ్య శుభ్రంగా ట్యూన్ చేసేవాడు. ఎవరూ చెప్పలేదు. చెయ్యి ఊరుకునేది కాదు. పరీక్షంటే ఇన్‌స్పెక్షనే కదా అనుకున్నాడు వెర్రిబాగులవాడు. బండి యజమానులు దండాలు పెట్టి వెళ్లేవారు. పెద్దసార్లలో ఒక్కడు షెడ్డులోకి తొంగిచూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

చివరికి రిపోర్టు వచ్చింది. పెట్రోలు బండ్ల పొగతో పెద్ద భయమేమీ లేదట. అనంతరామయ్యకి ప్రమోషన్, పాపయ్యకి శాలువా.

పాపయ్య కాపురముండే అద్దెగది కిటికీ కిందే ఆటోస్టాండు. తెల్లారిందంటే ఇంజన్లు రొద పెట్టేవి, నల్లటి పొగ గదిలోకి ఎగదన్నేది. భార్య మాణిక్యానికి ఉబ్బసం. పొగ లేచినప్పుడల్లా గోడ పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకునేది. ఇల్లు మారదామంటే ఆ పెన్షనుకీ జీతానికీ ఇంకోచోట గది దొరకలేదు. వీధివాళ్లంతా కలిసి స్టాండు ఎత్తించమని వార్డు ఆఫీసుకి వెళ్లారు. ముందు నిలబడ్డది పాపయ్యే.

ఆఫీసరు రిపోర్టు తీసి బల్లమీద పడేశాడు. "ఫౌజీ సాబ్, మీ లాబే ప్రమాదం లేదని రాసింది. ఇంకేం కావాలి?"

పాపయ్యకి తానేం చేశాడో అప్పుడు తెలిసొచ్చింది. సరాసరి అనంతరామయ్య దగ్గరికి పోయాడు.

"సార్, అయన్నీ నేను బాగుజేసి ఎక్కించిన బళ్లు సార్. రోడ్డు మీద బళ్లు అట్టా ఉండవు. మళ్లీ కొలవాల సార్."

అనంతరామయ్య తలుపు వేసి వచ్చాడు. "పాపయ్యా, రిపోర్టు మినిస్ట్రీకి వెళ్లిపోయింది. ఇప్పుడు తప్పంటే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. ఇంటికెళ్లు."

"మా ఇంటిదానికి ఊపిరి ఆడటంలా సార్."

"అచ్ఛా, మంచి డాక్టరుకి చూపించు."

థూ, ఏం మనిషి! పాపయ్య కూడా అదే అనుకున్నాడు గానీ పైకి అనలేక వచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే స్పానర్లు పట్టుకుని స్టాండులోకి దిగి, ఉన్న ఆటోలన్నీ ఊరికే ట్యూన్ చేయడం మొదలుపెట్టాడు. పొగ నిజంగానే తగ్గింది. ఆ వారం మాణిక్యం కిటికీ తెరిచి కూర్చుంది.

ఆ మాట ఊరంతా పాకింది. ఫౌజీ చాచా, అదే మిలిటరీ బాబాయి, పైసా తీసుకోడట! ఎక్కడెక్కడి ఆటోలూ వచ్చి వరసకట్టాయి. వంతు వచ్చేదాకా ఒక్కడూ ఇంజన్ ఆపడు. పొగ మునుపటికంటే దట్టంగా కమ్మింది. కసిరినా, తిట్టినా, "చాచా, ఒక్క నిమిషం" అంటూ నవ్వేవాళ్లు.

మాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి పిలిచింది. "ఈళ్లందర్నీ నువ్వే పిలిచి పెట్టావు గదయ్యా. ఇంక చాలు, పైకి రా."

వేరే గది దొరికే లోపలే ఆమె పోయింది. స్టాండు మాత్రం కదల్లేదు. డ్రైవర్లు మంచివాళ్లు, విశ్వాసమున్నవాళ్లు. గోడమీద ఎర్రరంగుతో పెద్దపెద్ద అక్షరాలు రాయించారు: ఫౌజీ చాచా ఆటోస్టాండ్.