మరదలి ప్రోగ్రాములో నేను దిద్దిన తప్పు

పులివెందుల దగ్గర ఒక బోరు కాడ నాలుగు కుటుంబాలు పారలు పట్టుకుని అరుచుకున్నాయి. ఆ గొడవ మా మరదలు సరళ వల్లే వచ్చిందని మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ నమ్ముతున్నారు. కాదు, నా వల్ల. ఆ మాట ఆ రోజు చెప్పలేదు. చదివాక తిట్టండి, మధ్యలో నవ్వొస్తే మాత్రం ఆపుకోవద్దు.

ప్రొద్దుటూరులో నేను కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పుతాను. నా దగ్గర చేరినవాళ్లకు తెరమీద తమ పేరు కనబడేసరికి కళ్ల కింద నల్లచారలు పడేవి. అవి పడితేనే చదువు వచ్చినట్టని నా నమ్మకం. ఈ విద్య అందరికీ సులువైపోతే నాకెవరు నమస్కారం పెడతారు, మీరే చెప్పండి!

అలాంటి నాకు, జమ్మలమడుగులో ఒక పెళ్లి భోజనాల దగ్గర సరళ ఫోను చూపించింది.

"బావా, నేను ప్రోగ్రాం చేసినా."

"నువ్వా? యాడ నేర్చుకున్నావు?"

"నేర్చుకునేదేంది? తెలుగులో ఫోనుకు చెప్పినా, అదే రాసిచ్చింది. మా బోరు కింద ఆ పొద్దు నీళ్ల వంతు ఎవురిదో తెల్లారేసరికి అందరి ఫోన్లకూ పోతాంది. ఇప్పుడు కొట్లాటల్లేవు."

"శానా తెలివైన పిల్ల" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. మా ఆవిడా అంది. పెళ్లయినప్పటి నుంచి నా గురించి ఆమె నోట ఆ మాట రాలేదు. నా నోట్లో తియ్యటి ఓళిగ సున్నమైపోయింది.

"ఇట్లియ్యి, తప్పులుంటాయి. చూస్తా."

"చూడు బావా" అని ఫోనిచ్చి వడ్డనకు పోయింది.

కోడలి వంటలో వెంట్రుక వెతికే అత్తలా వెతికాను. దొరికింది! వంతుల వరుసలో గంగన్న పేరు రెండుసార్లు ఉంది. ఒకే పేరు రెండుసార్లు పడకూడదన్నది నేను బోర్డు మీద గీత గీసి చెప్పే పాఠం. ఒకటి తీసేశాను. ఆ సంగతి పదిమందిలో తీరిగ్గా చెప్పి సరళ పరువు తీద్దామని అప్పటికి దాచుకున్నాను.

కొన్నాళ్లకు ఫోను. "బావా, గంగన్న మామ కొట్టేదానికి వస్తాండాడు, బిన్నా రా!"

వెళ్లేసరికి బోరు కాడ నాలుగు కుటుంబాలూ పారలతో అరుచుకుంటున్నాయి. సరళ భర్తకు చిన్నాన్న అయిన గంగన్న ఊగిపోతున్నాడు.

"నా చేను కాలువ తోకలో ఉంది. మొదటి వంతు నీళ్లు కాలువ మన్నే తాగుతాది, రెండో వంతుకే నా అరటి తడిసేది. అందుకే నాకు రెండు వంతులని మా నాయనల నాడే ఒప్పుకున్నారు. నా రెండో పేరు తీసేసి నీ మొగుని చేను తడుపుకుంటాండావా, సరళా?"

"రెండుసార్లే చెప్పినా మామా! ఎట్ల పోయిందో తెలీదు." ఆమె కళ్లలో నీళ్లు.

అందరూ నావైపు తిరిగారు. "చదువుకున్నోనివి, నువ్వు చెప్పప్పా."

నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. "ఇందుకే ఇది అందరూ చేసే పని కాదనేది" అన్నాను.

సరళ అక్కడే ఆ ప్రోగ్రాం తీసేసింది. నా సంతోషం బస్సు ప్రొద్దుటూరు చేరేదాకా కూడా నిలవలేదు. ఆ తర్వాత సరళ వాళ్ల గడప గంగన్న తొక్కడం మానేశాడని, ఆమెను ఊళ్లో దొంగలా చూస్తున్నారని మా ఆవిడ చెప్పింది. అన్నం సహించలేదు. ఒక పొద్దున బోరు కాడికి పోయి అందరినీ పిలిపించాను.

"మామా, నీ పేరు తీసేసింది నేను. సరళ సరిగ్గానే చేసింది. ఓర్వలేక చూసినా, తెలీక దిద్దినా, భయపడి దాచినా."

గంగన్న పార నా చేతిలో పెట్టాడు. "మాకు చెప్పినావు, సరే. ఎండిన నా చెట్లకు ఎవురు చెప్తారు? పా, నీళ్లు కట్టు."

ఇస్త్రీ ప్యాంటుతో బురదలో దిగాను. గట్టు మీద కూచుని సరళ ఫోనుకు రెండు మాటలు చెప్పింది, ప్రోగ్రాం మళ్లీ తయారైంది. నిజం చెప్పొద్దూ, అప్పుడూ నాకు కాస్త మండింది. అయినా మోకాలి లోతు బురద సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఎవరి ప్రోగ్రాములో ఒకే పేరు వందసార్లు కనబడినా, వాళ్ల చేను ఎక్కడుందో అడగకుండా వేలు పెట్టను.

"నన్ను క్షమించు సరళా" అన్నాను.

"గట్టిగా చెప్పు బావా, మోటారు మోతకు ఇనపల్యా."

చేనంతా మోగేలా అరిచాను. "తప్పు నాది సరళా! క్షమించు!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వాకగాని నాకు తెలియలేదు. కరెంటు పోయి మోటారు ఆగి చాలాసేపయింది.