వాళ్ళ పుస్తకంలో పసుపు లేదు

మొండితనం వల్ల కూడా ప్రయాణాలు మొదలవుతాయి. నాది అలాంటిదే. ఆ మధ్య కంకర లారీ మీద నుంచి ఎగిరిన రాయి నా పాత కారు ముందద్దానికి తగిలి శనగగింజంత పగులు చేసింది. మా అమ్మ చూసి "దిష్టి తగిలిందే" అంటూ సరిగ్గా ఆ పగులు మీదే తడి పసుపు అద్దింది. పసుపు లోపలికి దిగిపోయింది. మర్నాడు తొమ్మిదిన్నరకి, తెనాలిలో ఈ మధ్యే తెరిచిన విదేశీ అద్దాల కంపెనీ షాపుకి వెళ్ళాను. గోడ మీద పెద్ద ప్రపంచ పటం, వాళ్ళ షాపు ఉన్న చోటల్లా ఎర్ర చుక్క. మన వైపు చుక్క ఇంకా కొత్తగా మెరుస్తోంది. మేనేజరు టార్చి వేసి చూసి, "పగుల్లో రంగు దిగింది మేడం. రిపేరు కుదరదు. మొత్తం అద్దం మార్చాలి, తొమ్మిది వేలవుద్ది" అన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని అడిగాను. కంపెనీ రూలట. పైగా ఈ అద్దం నెల కూడా నిలవదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిలబెట్టి చూపిస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

ఎదురుగా టీ కొట్టాయన అంతా విన్నట్టున్నాడు. "బాపట్లలో రాజారత్నం గారని ఉన్నారమ్మా. పొద్దున పూట బస్టాండు దగ్గర ఉంటారు. ఆయన కాదంటే అప్పుడు మార్పిద్దురుగాని" అన్నాడు. పొన్నూరు మీదుగా బాపట్లకి యాభై కిలోమీటర్ల లోపే. పగులు పెరుగుతుందేమోనని ఏసీ వెయ్యకుండా నెమ్మదిగా వెళ్ళినందుకు గంటన్నర పట్టింది.

రాజారత్నం గారికి యాభై దాటి ఉంటాయి. స్కూటరు వెనక ఒక ఇనప పెట్టె, దాని మీద సొంత చేత్తో రాసుకున్న చిన్న బోర్డు: "పగులు పూడ్చబడును". తెనాలి షాపులో ఏమన్నారో చెప్పగానే నవ్వాడు.

"వాళ్ళ పుస్తకంలో పసుపు లేదమ్మా. ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. పదకొండేళ్ళు మస్కట్లో ఆ కంపెనీలోనే చేశాను. నేను చేరినప్పుడు రెండే వ్యాన్లండి. ఇంటింటికీ తిరిగి పగుళ్ళు పూడ్చేవాళ్ళం. దాంతోనే పేరొచ్చింది. దేశాలు పెరిగేకొద్దీ పూడ్చటం తగ్గింది, మార్చటం పెరిగింది."

"మరి పసుపు ఎలా పోద్ది అన్నయ్యా?"

"చీరకంటితే మీ అమ్మగారు ఏం చేస్తారు?"

ఎండలో ఆరేస్తుంది. ఎండకి పసుపు వెలిసిపోతుందని మన ఇళ్ళల్లో తెలియనిదెవరికి! అద్దానికీ అదే వైద్యమట. సూర్యలంక వెళ్ళి, కారుని ఎండకి ఎదురుగా పెట్టి, కిటికీలు కాస్త దించి మూడు గంటలు ఉంచి, తర్వాత రేపల్లెలో తన షెడ్డుకి రమ్మన్నాడు. కదలబోతుంటే ఆగమన్నాడు. "ఇంకో మాటమ్మా. తెనాలి షాపులో చేరమని నా వెంట పడుతున్నారు. ఈ బోర్డు తీసేసి వాళ్ళ చొక్కా వేసుకోవాలి. ఇవాళ సాయంత్రం ఫోను చేస్తారు. వాళ్ళు కాదన్న అద్దం మీది. ఇది నిలిస్తే నా బోర్డు ఉంటది. పగిలితే రేపు వెళ్ళి చేరిపోతాను." ఆ మాటతో నా కోపానికి ఇంకొకరి బతుకు తోడైంది.

సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. వారం మధ్యలో వెళితే జనం ఉండరు, నీడ కూడా పెద్దగా ఉండదు. పాకలో చేపల వేపుడు, అన్నం నూట ఎనభై. వండుతున్న ఆవిడ నా కారుని చూసి, "నీడలో పెట్టుకోకూడదేంటమ్మా, అప్పడంలా వేగిపోద్ది" అంది. పసుపు ఎండబెడుతున్నానన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసి ఇంకో చేపముక్క వేసింది. రెండున్నరకి వెళ్ళి చూస్తే పగులు తెల్లబడింది. ఒంటరిగా నిలబడి గట్టిగా నవ్వాను.

చెరుకుపల్లి మీదుగా రేపల్లె చేరేసరికి నాలుగైంది. ఆయన ముందు అద్దాన్ని నీడలో చల్లారనిచ్చాడు. తర్వాత పగులులోంచి గాలి లాగేసి, రెసిన్ అనే పల్చటి జిగురు ఎక్కించాడు. అతినీలలోహిత దీపం కింద జిగురు గట్టిపడి, పగులు ఆవగింజంత చుక్కగా మిగిలాక గోరుతో గీసి చూసి, "ఇప్పుడు ఏసీ పెంచండి, పెనుమూడి వంతెన దాకా పోదాం. గతుకుల్లో నెమ్మదించొద్దు" అని పక్క సీట్లో కూర్చున్నాడు. ప్రతి గతుక్కీ ఆయన చూపు ఆ చుక్క మీదే ఉంది.

వంతెన మీద ఉండగా ఫోను మోగింది. ఆయన స్పీకరు పెట్టాడు. తెనాలి మేనేజరే.

"ఏం నిర్ణయించుకున్నారండి?"

"పొద్దున మీరు మార్చాలన్న అద్దం వెనకాలే కూర్చుని మాట్లాడుతున్నానండి. నిలబడింది. నా బోర్డూ ఉంటది. పసుపు దిగిన అద్దాలొస్తే నాకు పంపండి, మార్చెయ్యకండి."

కింద కృష్ణ నిండుగా ఉంది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, చేతి రుమాలుతో కళ్ళద్దాలు చాలాసేపు తుడుచుకున్నాడు. వెనక్కి వచ్చి షెడ్డు దగ్గర దిగాక, పనికి ఆరువందలే తీసుకున్నాడు.

తిరిగి తెనాలికి గంట ప్రయాణం. పెద్ద కంపెనీలు పెరగకూడదని నేననను. ఏ పనితో పెరిగాయో ఆ పనినే కుదరదంటే మాత్రం ఊరుకోను. మీరూ ఈ దారిలో వెళ్ళేటట్టయితే ఒక్క జాగ్రత్త: అద్దానికి రాయి తగిలితే కడక్కండి, ఏసీ వెయ్యకండి, పగులు మీద పారదర్శకమైన టేపు అంటించండి. దిష్టి తియ్యాలంటే బొట్టు పక్కన పెట్టండి. మా అమ్మ ఇప్పుడు అలాగే పెడుతోంది. నాలుగు నెలలైంది. తెనాలి షాపులో ఆ పటం మీద చుక్కలు పెరుగుతున్నాయట. పెరగనివ్వండి. నా అద్దంలో చుక్క మాత్రం ఆవగింజంతే ఉంది.