చీకటి మావయ్య, గెంతే ఆవు

వెలుగుతున్న తెర ఏదైనా సరే, మా మావయ్య కంటపడితే రెండు నిమిషాలకు మించి బతకదు. ఫోనైనా అంతే, టీవీ అయినా అంతే, ల్యాప్‌టాప్ అయినా అంతే. చూసే కన్ను కాస్త పక్కకు తిరిగిందా, దాని పని అయిపోయినట్టే. మా అమ్మకు తమ్ముడు కాబట్టి నాకు మావయ్య. ఆఫీసులో మాత్రం అందరికీ చీకటి మావయ్యే.

ఆఫీసంటే గొప్పగా ఊహించుకోకండి. రంగుల మిల్లు గేటుకి ఎదురుగా, మెట్లు దిగి వెళ్లాల్సిన ఒక గది. అదే మా కార్మిక సంఘం. కిటికీలోంచి మనుషుల మోకాళ్లూ చెప్పులే కనిపిస్తాయి. వాన పడితే గోడలకు చెమట పడుతుంది. ఎవరెవరో పారేయబోతూ మాకిచ్చిన ముసలి ల్యాప్‌టాప్‌లు అక్కడ కొన్ని ఉన్నాయి. వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ప్రాణం పోసి, మా నెత్తిన పెట్టింది మావయ్యే. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపి రిటైరయ్యాడు. హాలు పడగొట్టారు, మనిషి మాకు మిగిలాడు.

"చూసేవాడు లేనప్పుడు బొమ్మ ఆడకూడదమ్మాయ్" అంటాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని, రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ప్రతి తెరా దానంతటదే ఆరిపోయేలా పెట్టి మమ్మల్ని కాల్చుకు తిన్నాడు.

మా ప్లీడరు గారు నెమ్మది మనిషి. ఒక వాక్యం టైపు చేసి, రెండో వాక్యం కోసం పైకప్పు వైపు చూస్తారు. కళ్లు దించేసరికి తెర నల్లగా ఉంటుంది.

"మావయ్యగారూ! ఆలోచిస్తున్నానండీ!"

"ఆలోచించుకోండి బాబూ, ఎవరొద్దన్నారు? ఆలోచనకి కరెంటెందుకు?"

చివరికి ప్లీడరు గారు ఆలోచిస్తున్నంతసేపూ మౌస్‌ని పులుసులో గరిటలా తిప్పుతూ కూర్చోవడం నేర్చుకున్నారు. కోర్టులో వాదించేటప్పుడు కూడా ఆయన కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతుంటే జడ్జీ అడిగారట, ఒంట్లో బాగుందా అని.

ఇంట్లో అత్తయ్య కష్టాలు వేరు. "సీరియల్లో ఆ పిల్ల ఏడుస్తుంటే నాకూ ఏడుపొస్తుందా, కళ్లు తుడుచుకుని చూస్తే టీవీ ఉండదే! ఏమయ్యా అంటే, చూడట్లేదుగా అంటాడు. ఈ మనిషితో కాపురం చేస్తూ ఒక్క చావు సీనైనా పూర్తిగా చూశానా?"

బ్యాటరీని పొదుపు చేసే సాధనాలు లినక్స్‌లో ఒకటికి రెండున్నాయి. ఏది మంచిదో తేల్చుకోలేక మావయ్య ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ పెట్టాడు. ఒకే బస్సుకి ఇద్దరు డ్రైవర్లను కూర్చోబెట్టినట్టయింది. ఒకటి వేగం తగ్గిస్తే ఇంకొకటి పెంచుతుంది. ఆ పెనుగులాటకి బ్యాటరీ ఎప్పటికంటే ముందే చచ్చింది. వారమంతా మావయ్య దాని పక్కన, మంచం పట్టిన చుట్టాన్ని చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. చివరికి ఒకదాన్ని తీసేశాడు. తీసేసినదాని గురించి ఇప్పటికీ కాస్త బాధగానే మాట్లాడతాడు.

ఇలా నవ్వుకుంటూ బతికేవాళ్లమే. కానీ పోయిన వానల్లో మిల్లు బాయిలర్ పేలింది.

రంగుల షెడ్డులో ఉన్నవాళ్లు చాలామంది లోపలే పోయారు. కంపెనీ దాన్ని ప్రమాదం అంది. ప్రమాదమైతే షెడ్డు తలుపుకి బయటినుంచి గొళ్లెం ఎందుకుందని మేమడిగాం. గొళ్లెమే లేదంది కంపెనీ. పనివాళ్లు మధ్యలో బయటికి పోకుండా తలుపు మూయడం ఆ మిల్లులో రోజూ జరిగేదే. కానీ ఆ రోజు మూసిన చెయ్యిని చూసి, బతికి బయటపడ్డది ఒక్కరే. రంగుల తొట్టి దగ్గర పనిచేసే ఆమె. మేమంతా రంగులక్క అనేవాళ్లం. ఆమె నోరు విప్పితే పోయినవాళ్ల ఇళ్లకు న్యాయం. లేకపోతే అది ప్రమాదం, అంతే.

రంగులక్క మొహం సగం కాలిపోయింది. పొగకి గొంతు మారింది. పేలుడుకి చెవులు పోయాయి, గట్టిగా అరిస్తేగాని వినపడదు. అరిచి అడగాల్సిన ప్రశ్నలా అవి? ప్రభుత్వం విచారణ వేస్తే, ఆ హాలుకి రాను, నలుగురిలో కూర్చోను అంది. విచారణాధికారి కాస్త మెత్తబడి, వాంగ్మూలం సంఘం ఆఫీసులోనే రికార్డు చేసి తెమ్మన్నాడు, గొంతు చాలన్నాడు. ల్యాప్‌టాప్ తెరమీద ప్రశ్న పెద్ద అక్షరాల్లో పెట్టడం, ఆమె చదువుకుని జవాబు చెప్పడం, అదే యంత్రం రికార్డు చేయడం. అదీ ఏర్పాటు.

మొదటిసారి వచ్చిన రోజు చినుకులు పడుతున్నాయి. రంగులక్క తలచుట్టూ గుడ్డ కప్పుకుని కూర్చుంది. పేరు చెప్పింది, పని చెప్పింది. తలుపు గురించిన ప్రశ్న వచ్చింది. చదివింది. మాట రాలేదు. తెర టక్కున నల్లబడింది. రంగులక్క ఉలిక్కిపడి, గుడ్డ మొహం మీదికి లాక్కుని, లేచి మెట్లెక్కి వెళ్లిపోయింది.

"బెదిరించారు. కంపెనీ వాళ్లు బెదిరించి ఉంటారు" అన్నారు ప్లీడరు గారు. నేనూ అదే నమ్మి, గేటు ముందు ధర్నాకి అట్టలమీద నినాదాలు రాయడం మొదలుపెట్టాను.

మావయ్య ఆ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మూలకి చేరాడు. మర్నాటి నుంచి కొత్త వింత. వెలిగే తెరని చూస్తే గిట్టని మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్క్రీన్‌సేవర్లు, అదే, యంత్రం ఊరికే ఉన్నప్పుడు తెరమీద ఆడే బొమ్మలు చూస్తున్నాడు! మెరిసేవి, తిరిగేవి, ఎగిరేవి. బ్యాటరీని నమిలి మింగేవి. వాటి మొహం చూడనని ఒట్టుపెట్టుకున్నవాడే.

"ఇది ఎలా ఉందమ్మాయ్?"

"మంటలు మావయ్యా."

"అవును, వద్దు. ఇది?"

"ఏవో గొట్టాలు అల్లుకుంటున్నాయి."

"మిల్లులో గొట్టాల్లానే ఉన్నాయి. తీసెయ్. ఇదో?"

"ఎవడో గోడల మధ్య దారి కోసం తిరుగుతున్నాడు."

"బయటికి తలుపుందా?"

"కనపడటం లేదు."

"అయితే అస్సలు వద్దు."

ఒకటైతే యంత్రం చచ్చిపోయినట్టు నటించే స్క్రీన్‌సేవర్. అది చూసి ప్లీడరు గారు ఫైలంతా పోయిందనుకుని కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. "అక్కడ సాక్షి రానంటుంటే, ఇక్కడ బొమ్మలాటలా మావయ్యా? రోజూ అందరి తెరలూ ఆర్పేదీ నువ్వే, ఇప్పుడు..."

మావయ్య మీట నొక్కాడు. తెర నల్లబడింది. దాన్ని నా వైపు తిప్పాడు.

"ఏం కనిపిస్తోంది?"

"ఏముంది, ఏం లేదు."

"సరిగ్గా చూడు."

చూశాను. నల్లటి గాజులో నేను.

"ఆ రంగుల పిల్ల ఇంటికి వెళ్లావుగా. అద్దం ఉందా?"

అద్దం లేదు. ఒకప్పుడు అద్దం వేలాడిన మేకు మాత్రం గోడకుంది.

"హాల్లో లైట్లు వేస్తే ఏడ్చేవాళ్లు గబగబా కళ్లు తుడుచుకుంటారమ్మాయ్. ప్రొజెక్టర్ వెనకనుంచి బతుకంతా చూశా. చీకట్లో అయితే మనిషి తన మానాన తాను ఏడుస్తాడు. ఈ గదికి వచ్చేవాళ్లెవరు? మొగుణ్ణి పోగొట్టుకున్నది, పిల్లని పోగొట్టుకున్నవాడు. వాళ్ల మొహాల మీద ఈ తెరల వెలుగు పడుతుంటే చూడలేక ఆర్పేవాణ్ణి. బ్యాటరీ కోసం అంటే ఎవరూ నొచ్చుకోరు కదా. నా చీకటి అందరికీ పనికొచ్చింది. ఆ పిల్లకి అడ్డం తిరిగింది."

"పోనీ తెర ఆరకుండా పెడితే సరిపోదా?"

"అప్పుడు ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది, లాఠీ పట్టుకున్నవాడిలా. నలుపూ వద్దు, ప్రశ్నా వద్దు. మధ్యలో ఏదైనా కావాలి."

ఆ మధ్యలోదాన్ని ఆయన రెండు రోజులకు పట్టాడు. చూసి ప్లీడరు గారు లబలబలాడారు. "ఆవా? సర్కస్ వలమీద గెంతే ఆవా? పోయినవాళ్ల విచారణండీ ఇది! గౌరవం ఉండొద్దూ?"

"గౌరవం మీ దగ్గర పెట్టుకోండి బాబూ. నాకు ఆమె కూర్చుంటే చాలు" అన్నాడు మావయ్య.

రంగులక్క ఇంటికి ఆయనే స్వయంగా వెళ్లాడు. ఏం చెప్పాడో తెలీదు. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఆమె మళ్లీ మెట్లు దిగింది. కూర్చుంది. ప్రశ్న వచ్చింది. తలుపు గొళ్లెం పెట్టింది ఎవరు? ఆమె చదివింది. పెదవులు కదిలి ఆగిపోయాయి. ప్రశ్న మెల్లగా మాయమైంది. ఆవు వచ్చింది. పైకి లేచింది, పల్టీ కొట్టింది, కిందపడింది, మళ్లీ లేచింది, ఏ దిగులూ లేనట్టు.

రంగులక్క దానివైపు అలాగే చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదెవరిదండీ? కట్టేసుకునేవాళ్లు లేరా దీనికి?" అని, ఫక్కుమని నవ్వింది.

ఆ నవ్వు వెనకాలే మాట వచ్చింది. సూపర్‌వైజరు ఏ చేత్తో గొళ్లెం పెట్టాడో, లోపలినుంచి ఎవరెవరు పిలిచారో, పిలుపులు ఏ వరసలో ఆగిపోయాయో చెప్పింది. గొంతు ఆగినప్పుడల్లా ఆవు గెంతింది. ఆమె దానికే చెప్పుకుంది, మాకు కాదు. మేం ముగ్గురం గోడవైపు తిరిగి నిలబడ్డాం.

అయిపోయాక ప్లీడరు గారు కాగితం మీద పెద్దగా రాసి చూపించారు, ఆ నవ్వు తీసేద్దామా అని.

"ఉండనీండి. మొహం పోయింది, గొంతు పోయింది. నవ్వు మాత్రం మా షెడ్డులో వాళ్లందరికీ తెలిసిందే. వాళ్ల ఇళ్లల్లో వింటే, చెప్పింది నేనే అని పోల్చుకుంటారు" అంది రంగులక్క.

విచారణ హాల్లో ఆ రికార్డు వినిపించారు. కంపెనీ ప్లీడరు లేచి, ఇంత ఘోరం చెబుతూ సాక్షి నవ్విందంటే అంతా కట్టుకథేనన్నాడు. అధికారి మా ప్లీడరు గారి వైపు తిరిగాడు. "సాక్షి ఎందుకు నవ్వింది?"

మా ప్లీడరు గారు లేచారు. వెనక బెంచీలో కూర్చున్న మావయ్య వైపు ఒకసారి దీనంగా చూశారు.

"ఆవు గెంతిందండి" అన్నారు.

ఎవరూ నమ్మలేదు. ల్యాప్‌టాప్ తెప్పించి, అధికారి తన బల్లమీద పెట్టించుకుని, చేతులు కట్టుకుని, తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు. ఆవు లేచింది. అధికారి మీసం కింద ఏదో కదిలింది. దాన్ని దగ్గుగా మార్చుకోవడానికి ఆయన పడ్డ పాట్లు హాలంతా చూసింది.

తలుపు బయటినుంచి మూసి ఉందని తీర్పులో రాశారు. పోయినవాళ్లు తిరిగి రారు, మిల్లు పొగ మళ్లీ లేస్తూనే ఉంది, మా పోట్లాట ఇంకా చాలా ఉంది. కానీ ఆ తీర్పులో, ఎర్ర ముద్రకి కాస్త పైన, ఇంకో వాక్యం కూడా ఉంది: "సదరు ఆవును ఈ అధికారి స్వయముగా పరిశీలించి, సాక్షి నవ్వు సహేతుకమైనదని భావించడమైనది."