అత్త బొట్టుబిళ్ళలతో మామ వేసిన లెక్క

"మీ మామ పోయిండు బిడ్డా" అని అత్త ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసుకు డబ్బా కట్టుకుంటున్నాను. గొంతులో ఏడుపు లేదు. "చాయ్ తెచ్చేసరికి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. జల్ది రా" అని పెట్టేసింది. బీదర్‌లో ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను తన ఇంట్లో పెట్టుకున్న మేనమామ ఆయన. కాలేజీలో కన్నడంలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. మెత్తటి మనిషని చెప్పి మిమ్మల్ని నమ్మించను. నాలుక కత్తి.

వంటింటి తలుపు వెనక పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి అంటించేవాడు. అడుగున అడ్డంగా ఒక గీత, పక్కన నిలువుగా ఒక గీత, ఒక్కో రోజుకు ఒక్కో చుక్క. పెన్ను చుక్క ఆయన కంటికి ఆనదు, అందుకని అత్త ఎర్ర బొట్టుబిళ్ళలు అంటించేవాడు. "నా మొహానికి ఒక్కటన్నా ఉంచుండ్రి" అని ఆమె మొత్తుకునేది. సాయంత్రం చాయ్‌కీ నిద్రకూ అట్లాగే చుక్కలు పెట్టి చూసి, ఆ పూట చాయ్ బంద్ చేశాడు. తనకే కాదు, అత్తకు కూడా.

అప్పట్లో నాకు ఒకటే తలనొప్పి. ఎండను తిట్టేదాన్ని. మామ రెండు కాగితాలు అంటించాడు. ఎండకూ నొప్పికీ పెట్టిన చుక్కలు జొన్నలు చల్లినట్టు ఎటుపడితే అటు పడ్డాయి. రెండో దాంట్లో, పొద్దున తిండి ఎంత ఆలస్యమైతే నొప్పి అంత పైకెక్కింది. "ఎండనెందుకు తిడ్తవ్? నీ బద్ధకాన్ని తిట్టుకో" అన్నాడు, చుట్టాల ముందే. తర్వాత తనే, "చుక్కలు కలిసి ఎక్కినంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని గుంజుతున్నట్టు కాదు. వాన దినం గొడుగులు ఎక్కువుంటయి. గొడుగులు మూస్తే వాన ఆగుతదా? టైముకు తిని సూడు, అప్పుడు తెలుస్తది" అన్నాడు. తిన్నాను. నొప్పి పోయింది. ఇవాళ్టికీ తినకుండా గడప దాటను, ఆ పుణ్యం ఆయనదే.

నిరుడు మామ గుండె బలహీనపడింది. ఒంట్లో నీరు చేరి ఆయాసం. నీరు దిగడానికి మామూలు రోజు ఒక మాత్ర, ఆయాసం ఎక్కువైతే రెండు వేసుకొమ్మన్నాడు డాక్టర్. వేసుకుంటే మాటిమాటికీ బాత్రూంకు పరుగెత్తాలి. బగ్దల్‌లో ఉన్న దోస్తు దగ్గరికి బస్సులో పోవడమొక్కటే మామకున్న సరదా. ఒళ్ళు బాగున్న రోజు చూసుకుని, మాత్ర ఎగ్గొట్టి పోయేవాడు.

తలుపు వెనక కొత్త కాగితం వెలిసింది. అడుగున మాత్రలు, నిలువుగా ఆయాసానికి తనే వేసుకునే మార్కులు. రెండు మాత్రల రోజులు పైన, ఒక మాత్రవి నడుమ, బగ్దల్ పోయిన రోజులు కింద, మూలకు కాస్త పైన. చుక్కల మధ్య నుంచి స్కేలు పెట్టి గీసిన గీత నేరుగా కింది మూలకు దిగింది. "సూసినవా? ఆయాసం తెచ్చేది ఈ మాత్రలే. బంద్ చేస్తే అదే పోతది."

"ఆయాసం ఎక్కువైన దినమే గదా మామా నువ్వు రెండేసుకునేది! గొడుగు మూస్తే వాన ఆగుతదా అన్నది నువ్వే గదా?"

నా మొహం చూడలేదు. "నీ తలనొప్పి తగ్గించినోడికే లెక్క చెప్తవా?" అన్నాడు. అత్త మాత్ర, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. "నువ్వు పో, పప్పు మాడకుంట సూస్కో" అన్నాడు ఆమెను.

మాత్రలు మానేశాడు. కాళ్ళు వాచాయి, ఆయాసం పెరిగింది. ఆ రోజుల చుక్కలు మాత్రం పెట్టలేదు. "నాల్గు దినాలాగు, సర్దుకుంటది" అనేవాడు. అత్త మాత్ర పొడిచేసి మజ్జిగలో కలిపితే కనిపెట్టి పారబోశాడు. పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠం, బస్సెక్కాలన్న ఆశ ముందు ఆయనకే గుర్తు రాలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏడుపూ వస్తుంది.

మామ పోయిన పదో రోజు ఆడవాళ్ళు అత్త బొట్టు తీయడానికి ముందుకొచ్చారు. "ఆగుండ్రి" అంది. నుదుటి బిళ్ళ తనే ఒలిచి, వేలి కొసన పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. నేను వెనకే పోయాను. తలుపు వెనక కాగితం మీద, రెండు గీతలూ కలిసే మూలన, బొటనవేలితో ఆ బిళ్ళ ఒత్తింది. మామ గీత వచ్చి ఆగింది అక్కడే. అప్పటిదాకా ఆ మూలన ఒక్క చుక్కా లేదు.

"మాత్ర సున్నా. ఆయాసం సున్నా" అంది. "మీ మామ లెక్క తప్పలే బిడ్డా."

పొయ్యి మీద పప్పు పొంగుతోంది. అత్త పోయి గరిటె తిప్పింది. నుదుటి మీద బిళ్ళ ఉన్న చోట మాత్రం తెల్లగా, గుండ్రంగా ఉంది.