వైఫైకి పెట్టిన పేరు

అన్న పోయిన పదకొండో రోజు చుట్టాలు ఇల్లంతా కడిగారు. ఆయన బల్ల కింద ఉన్న చిన్న పెట్టె మీద కూడా బకెట్ నీళ్లు పడి అది పాడైంది. ఇంట్లో కంప్యూటరుకు డీఎన్‌ఎస్ సర్వర్ అదే. మనం సైటు పేరు కొడితే దాని నంబరు వెతికిచ్చేది. అందరూ వాడేది ఆయనకు సరిపోదు, అన్నీ సొంతంగా పెట్టుకోవాలి. నెలదాకా ఆ కంప్యూటరును ఎవరూ ముట్టలేదు.

శాలిబండ ఇంటి నుంచి వదిన ఫోన్ చేసినప్పుడు నేను చాంద్రాయణగుట్టలో నా దుకాణంలో ఉన్నాను.

"తమ్మీ, ఒక్క సైటు గూడ ఓపెన్ అయితలేదు. వీడియో ఇంటర్వ్యూకు ఇంక గంటనే ఉంది."

ఆయన పోయాక ఆమెకు ఉద్యోగానికి వచ్చిన మొదటి పిలుపు అది. నాకు దడ పుట్టాలి. పుట్టలేదు. పాడె మోసిన రోజు నుంచీ అంతే. అన్నం తింటున్నాను, బేరాలాడుతున్నాను, ఏదీ లోపలికి దిగడం లేదు.

"కమాండ్ ప్రాంప్ట్ తెరువు వదినా, అడ్మినిస్ట్రేటర్‌ది. నల్లగ వస్తది" అన్నాను.

ఆ పెట్టెకు బదులు వేరే డీఎన్‌ఎస్ పెట్టే కమాండులో కనెక్షన్ పేరు కొట్టాలి. ఒక్క అక్షరం తప్పినా ఒప్పుకోదు. ఉన్న కనెక్షన్లు తెర మీదికి తెప్పించి, వైఫై పేరు చదవమన్నాను. వదిన మిగతా పేర్లన్నీ చదివింది, అదొక్కటి తప్ప.

"ఏందొదినా?"

"మీ అన్న తన పేరే పెట్టిండు."

పెట్టే ఉంటాడు. స్టీలు గ్లాసుల మీద కూడా తన పేరే కొట్టించిన మనిషి. ఆ గ్లాసులతోనే నీళ్లు తాగిన వదిన మాత్రం కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ పేరు పలకలేదు. రేషన్ షాపులో అడిగినా నావైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి.

"స్పెల్లింగు ఎట్ల పెట్టిండో నాకేం తెలుసు? నువ్వే చదవాలె వదినా."

తడుముకుంటూ చదివింది. ఇంటిపేరుతో సహా. తర్వాత ఒక్కో అక్షరం చెబుతూ కొట్టింది. దాని పక్కన కొత్త సర్వర్ నంబరు చెప్పాను. నాలుగు ఎనిమిదులు, మధ్యలో చుక్కలు.

"ఏం రాలే తమ్మీ. ఖాళీ లైనొచ్చింది."

"ఏం రాకుంటేనే అయినట్టు."

సైటు తెరుచుకుంది. "ఇంకేమన్న కొట్టాల్నా?" అంది.

కొట్టాల్సిందేమీ లేదు.

"ఆ పేరు ఇంకోసారి చదువు వదినా" అన్నాను.

ఈసారి తడుముకోలేదు. కౌంటరు ముందు గిరాకీలు నిలబడి ఉండగానే ఏడ్చాను.