నేను చూపించని కాగితం

మా ఆఫీసులో ప్రింటరు దగ్గర ఈనాటికీ నేను ఎక్కువసేపు నిలబడలేను. వేడి కాగితం, తడి ఆరని సిరా కలిసిన ఆ వాసన ఇంకెవరినీ ఇబ్బంది పెట్టదు. నన్ను మాత్రం పదమూడేళ్ళ వయసులోకి తీసుకుపోయి నిలబెడుతుంది. ఆ వయసులో నేను ఒక కాగితం అచ్చు తీసి, చదివి, ఎవరికీ చూపించకుండా పారేశాను. పాతికేళ్ళు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అనకపోవడం వల్ల మా ఇంట్లో ఒక మనిషి తాను చేయని తప్పు మోశాడు. మా బంధువుల్లో ఆ కథ ఇప్పటికీ తప్పుగానే తిరుగుతోంది కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం అప్పుడు సింగపూరులో చోవా చూ కాంగ్‌లో పదకొండో అంతస్తులో ఉండేవాళ్ళం. వంటింటి కిటికీ బయట వెదురు కర్రలకు అమ్మ ఆరవేసిన చీరలు గాలికి కొట్టుకుంటుంటే, కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో మేం బంతి ఆడుతూ తలెత్తి చూసి మా ఇల్లు ఏదో గుర్తుపట్టేవాళ్ళం. జూన్‌లో మార్కెట్టు దారంతా డురియన్ పండ్ల వాసన పట్టేసేది, నాయన ముక్కు మూసుకుని నడిచేవాడు, నేను ఇష్టంగా పీల్చేవాణ్ణి. చీనావాళ్ళు పితృదేవతలకు కాగితాలు కాల్చే నెలలో ఆ బూడిద తేలుతూ మా కిటికీ దాకా వచ్చేది, అదే రోజుల్లో వినాయక చవితి వస్తే అమ్మ ఆ కిటికీ మూసి, చెమటలు కారుతుండగా కుడుములు వండేది. ఊరి నుంచి ఎవరొచ్చినా తాత గుడ్డ సంచిలో చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, పంపేవాడు. అమ్మ వాటిని ఉప్పేసి ఉడకబెడితే ఇల్లంతా ఎర్రమట్టి వాసన. రాయచోటి దగ్గర తాత చేలో ఆ కాయల కోసమే అడవిపందులు కూడా వచ్చేవి. కథ అక్కడ మొదలైంది.

మా నాయన తమ్ముణ్ణి నేను చిన్నాయన అనేవాణ్ణి. కంప్యూటరు చదువు చదివిన ప్రతి కుర్రవాడికీ విమానం టిక్కెట్టు దొరుకుతున్న కాలమది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి, అంతకుముందే సరిచేయడానికి బ్యాంకులు మనుషుల్ని పిలిపించుకుంటున్నాయి. అట్లా వచ్చి చిన్నాయన చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు పనికి కుదిరాడు. ఊరికి ఆ కొసన ఆఫీసు, ఈ కొసన మా ఇల్లు. అయినా విడిగా గది తీసుకోకుండా మా హాల్లో చాప పరుచుకుని పడుకునేవాడు. రొట్టె మీద ఊరి మామిడికాయ ఊరగాయ పూసుకుని తినేవాడు. శుక్రవారం సాయంత్రం వారం పని ముగించినవాడి దర్జాతో గుమ్మంలో నిలబడి, "వదినా, మకాన్ అయిందా?" అని, తిండికి ఇక్కడి మలయ్ వాళ్ళు వాడే మాట కలిపి అడిగి అమ్మను నవ్వించేవాడు. ఆదివారం పొద్దున క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లి నాతో పందెం వేసేవాడు, ఓడితే నా బూట్లకు పాలిష్ పట్టేవాడు. నాయన నాతో మాట్లాడింది ఎక్కువగా మార్కుల గురించి. తక్కిన మాటలన్నీ నాకు చిన్నాయన దగ్గరే దొరికాయి.

ఆ జూన్ సెలవుల్లో తాత ఉత్తరం వచ్చింది. పంట కాపలాకు తుపాకి పెట్టుకోవడానికి ఎన్నో ఏళ్ళు తిరిగితే లైసెన్సు ఇచ్చారు, గడువులోగా తుపాకి కొనకపోతే అది పోతుంది. లైసెన్సులో రాసింది పాయింట్ టూ టూ రైఫిలు, అంటే అడుగు అంచులో మందు ఉండే చిన్న తూటా పేల్చేది. ఎద్దు కుమ్మి విరిగిన కుడి మణికట్టు తాతకు సరిగా అతకలేదు, ప్రతి తూటాకూ కడ్డీ లాగి వదలలేడు. కాబట్టి ఒకటి పేలగానే రెండోది తనంతట తానే లోపలికి వచ్చి కూర్చునే రకం కావాలి. పైగా చవకగా కావాలి. మద్రాసులో ఒక దుకాణంలో అట్లాంటివి పాతవి మూడున్నాయి. దుకాణంవాడు మూడూ బంగారమే అంటున్నాడు. "మీ ఇంట్లో కంప్యూటరుంది కదా, అందులో చూసి ఏది మంచిదో మీరే చెప్పండి," అని రాశాడు తాత. సింగపూరులో ఉన్న కొడుకుల మాట ఆయనకు వేదం.

నాయన ఉత్తరం మడిచి, "ఆ పిట్టల తూటా చప్పుడుకు పందులు పారిపోతాయా? చప్పట్లనుకుని ఇంకో నాలుగు వస్తాయి," అని విసుక్కుని, పని తమ్ముడికి అప్పగించాడు. చిన్నాయన ఇల్లు చేరేసరికి ఎనిమిదయ్యేది. ఆ పని నాకొచ్చింది.

మా ఇంట్లో ఇంటర్నెట్టు ఫోను తీగలోంచే వచ్చేది. అది నడిచినంతసేపూ ఇంటికి ఫోను రాదు కనుక అమ్మ నాకు రోజుకు ఒక్క గంట ఇచ్చేది. ఆ గంట కోసం రోజంతా కాచుకునేవాణ్ణి. బడి స్నేహితులు ముగ్గురం ఎవరిళ్ళలో వాళ్ళం కూర్చుని ఒకే ఆట ఆడేది ఆ గంటలోనే. ఇప్పుడది తాత తుపాకి పాలైంది. మోడెం గీపెట్టి, ఈలవేసి, గురకపెట్టి కలిసేది. బొమ్మ పైనుంచి కిందికి ఒక్కో గీత చొప్పున దిగేది. తుపాకి సగం కనబడేసరికి ఎవరో ఫోను ఎత్తేవాళ్ళు, అంతా మళ్ళీ మొదటికి. దొరికిన పేజీల్లో అమెరికా తాతలు ఒకరి తుపాకిని ఒకరు తిట్టుకునేవాళ్ళు. ఒకాయన బాగుందన్నదాన్ని ఇంకొకాయన చెత్త అనేవాడు. అవన్నీ అచ్చు తీసి, పక్కన తెలుగులో రాసి చిన్నాయనకు ఇవ్వాలి.

మొదటిది అందరికీ నచ్చింది. గొట్టం కింద ఇంకో సన్న గొట్టం, అందులో వరసగా తూటాలు. ధర వినగానే నాయన పేపరు తిప్పేశాడు. రెండోది అన్నిటికన్నా చవక. దానిమీద వారం రోజులు పనిచేశాను. తీరా తూటాలు పెట్టే పెట్టె పోయిందని, విడిగా దొరకదని దుకాణంవాడు తాపీగా చెప్పాడు. అది లేకపోతే ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాలి, తాతకు కుదరని పనే అది. వారం రోజుల కాగితాలూ దండగ. మళ్ళీ ఉత్తరం, మళ్ళీ ఆదివారం ఊళ్ళో ఫోను బూత్ దగ్గర తాత, ఇక్కడ ఫోను కార్డు గీకి నంబరు నొక్కుతూ చిన్నాయన. నా సెలవులు కరిగిపోతున్నాయి. కింద బంతి తన్నే చప్పుడు పదకొండో అంతస్తుకు వినబడేది.

దీనికి తోడు నాయన భయం. ఈ ఊళ్ళో తుపాకి అంటే మాట కాదు. ఒకరోజు నేను ఆ కాగితాలు చేతిలో పట్టుకుని లిఫ్టులో దిగుతుంటే పక్కింటి ఆంటీ తుపాకి బొమ్మ చూసి వెనక్కి జరిగింది. ఆ సాయంత్రం నాయన ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. ఇక్కడే ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకుని ఉన్నాం, ఇలాంటివి బయట పడితే ఏమవుతుందో నాకు తెలియదట. అప్పట్నించీ అక్కర తీరిన కాగితాన్ని చించి, వంటింటి గోడలో చెత్త జారవిడిచే గొట్టంలో వేయాలి. అక్కర్లేని కాగితం మాయం చేయడం అట్లా నాకు అలవాటైంది.

మిగిలింది మూడోది. తేలికైనది, ధర అందుబాటులో ఉంది, పెట్టె దానితోపాటే ఉంది. నాయన సరేనన్నాడు. తాత సరేనన్నాడు. అమ్మ ఆ మాట విని పాయసం కాచింది. చిన్నాయన మాత్రం శనివారం పొద్దున ఆఫీసుకు పోతూ, "ఒకే ఒక్కసారి చూడు శీనూ. దీన్ని గురించి చెడుగా ఏమన్నా రాసుంటే నాకు చెప్పు. రేపు మీ తాతకు ఖాయం చేస్తాండా," అన్నాడు.

చూశాను. పదిహేను నిమిషాల్లో దొరికింది. ఆ తుపాకి చేసిన కంపెనీయే పెట్టిన నోటీసు. ఫలానా అంకెల మధ్య చేసినవాటిలో లోపముందనీ, పేలకుండా మీట వేసి ఉంచినా కింద పడితేనో గట్టిగా తగిలితేనో పేలవచ్చుననీ, బాగుచేయించేదాకా వాడొద్దనీ ఉంది. అచ్చు తీశాను. సిరా ఆరకముందే రెండుసార్లు చదివాను. మద్రాసుకు ఒక్క ఫోను చేసి తుపాకి మీది అంకె అడిగితే తేలిపోయే విషయం. కానీ నాకు కనిపించింది అది కాదు. ఇది కూడా కాదంటారు, ఇంకోటి వెతకమంటారు, నా గంట ఇక నాకు రాదు. అంతే కనిపించింది. తాత గుర్తుకు రాలేదని చెప్పుకుంటే బాగుండేది. గుర్తొచ్చాడు. ఆయన తుపాకి ఎందుకు కింద పడేస్తాడులే అనుకున్నాను.

కాగితం నాలుగు ముక్కలు చేసి గొట్టంలో వేశాను. అది పదకొండు అంతస్తులు దిగిపోయింది.

మధ్యాహ్నం వానకు తడిసి వచ్చిన చిన్నాయన చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"ఏమన్నా ఉందా?"

"ఏం లేదు చిన్నాయనా. అంతా బాగుంది."

"సరిగ్గా చూసినావా?"

"చూసినా."

ఆయన నా తల నిమిరాడు. ఆ సాయంత్రం నా గంట నాకు వచ్చింది. ఆట కూడా గెలిచాను.

ఆ ఏడే, చెనిక్కాయ పూత రాలి ఊడలు మట్టిలోకి దిగే రోజుల్లో, ఊరి నుంచి ఫోను వచ్చింది. తాత మంచె దిగుతూ తుపాకిని నిచ్చెనకు ఆనించాడు. అది జారి బండ మీద పడి పేలింది. తూటా మోకాలి చిప్పలోంచి పోయింది. ప్రాణం దక్కింది, కాలు వంగలేదు. ఆ తర్వాత తాత చేలోకి నడిచి వెళ్ళలేకపోయాడు, ఏడాది తిరగకముందే చేను కౌలుకు పోయింది.

కొన్నాళ్ళకు మద్రాసు దుకాణంవాడే నాయనతో అన్నాడు, ఆ రకానికి అట్లాంటి జబ్బుందని కంపెనీ వాళ్ళు కంప్యూటర్లో పెట్టారట, మీవాళ్ళు చూడలేదా అని. నాయన ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, కలపకుండా అడిగాడు.

"నువ్వు చూసినావా, లేదా?"

"చూసినా, అన్నా," అన్నాడు చిన్నాయన.

"చూసుంటే అంత పెద్ద సంగతి నీకు కనపడలేదా? నాయన కాలు కంటే నీకు ఆఫీసు ఎక్కువైందా?"

శీను చూశాడని చిన్నాయన అనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. చిన్నపిల్లవాణ్ణి ఇందులోకి లాగకూడదనుకున్నాడు. నేను పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నోట్లో మాట ఉంది. మింగాను. ఈ రాతలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపరిచేది ఆ ముద్దే. కాగితం పారేసినప్పుడు పిల్లవాణ్ణి. మాట మింగినప్పుడు ఏం చేస్తున్నానో పూర్తిగా తెలుసు.

ఆ నెల్లోనే చిన్నాయన చాప చుట్టుకుని ఇదే ఊళ్ళో క్లెమెంటి అనే పేటకు వెళ్ళిపోయాడు. యూనివర్సిటీలో పరిశోధన చేసే కుర్రవాళ్ళతో కలిసి గది తీసుకున్నాడు. క్యారమ్ బోర్డు మంచం కిందికి పోయి చెదపట్టింది. నాయన ఊరికి ఫోను చేసిన ప్రతిసారీ వాని నిర్లక్ష్యం అనే మాట వాడాడు. ఆ మాట రాయచోటి నుంచి కడప దాకా చుట్టాల్లో పాకింది. చిన్నాయన పెళ్ళికి మేం వెళ్ళలేదు. తాత పోయినప్పుడు అన్నదమ్ములు ఒకే విమానంలో వేరువేరు వరసల్లో వెళ్ళారు.

ఆ ఏళ్ళన్నీ చెప్పాలనే అనుకున్నాను. పరీక్షలయ్యాక, ఇక్కడి కుర్రవాళ్ళకు తప్పని మిలిటరీ సర్వీసు అయ్యాక, ఉద్యోగం వచ్చాక. చెప్పకుండా గడిచిన ప్రతి ఏడూ చెప్పడాన్ని ఇంకా కష్టం చేసింది. నాకూ చాంగీ బిజినెస్ పార్క్‌లోనే పని దొరికింది. చిన్నాయన ఒకప్పుడు రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చిన చోటికి నేను రోజూ రైల్లో కునుకుతూ వెళ్ళాను.

పోయిన నెల క్లెమెంటిలో, ఆయన ఇంటి కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో కూర్చుని చెప్పాను. గుక్క తిప్పుకోకుండా, కాగితం, గొట్టం, నా గంట, అన్నీ. యాభై దాటిన మనిషి, జుట్టు పలచబడింది. కాఫీ కప్పును పక్కకు నెట్టాడు.

"ఆ మూడో తుపాకివి నువ్విచ్చిన కాగితాలు మీ నాయనకు తెలీకుండా దాచిపెట్టినా, నాకాడ ఇంకా ఉండాయిరా," అన్నాడు. "ఎన్నిమార్లు చదివినానో. ఏ మూల రాసుంటే నేను చూసుకోలేదో అని. నా కండ్లనే నమ్మలేకపోతి."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. క్షమించమని అనబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కోపంతోనే పెట్టాడు.

"నాకు కాదు. మీ నాయన ముందర చెప్పు. నేనుండంగా చెప్పు."

ఇద్దరం రైలెక్కి చోవా చూ కాంగ్ వచ్చాం. కింద మేం బంతి ఆడిన జాగాలో ఇప్పుడు బంతి ఆడరాదని బోర్డుంది. ఇంట్లో ఫోను తీగ పోయింది, చెనిక్కాయల సంచి రావడం ఎప్పుడో ఆగింది, తాత చేనులో ఇళ్ళ ప్లాట్ల రాళ్ళు పాతారు. సెలవని మా నాయన దగ్గరికొచ్చిన నా కూతురు తలుపు తీసి, చిన్నాయనను ఎగాదిగా చూసి, "డాడీ, హూ ఈజ్ దిస్ అంకుల్ ఆ?" అంది. తనకు తాత అయ్యే మనిషి. ఆయన నవ్వబోయి మానేశాడు.

నాయన సోఫాలోంచి లేవలేదు. తమ్ముణ్ణి చూసి టీవీ చప్పుడు తగ్గించాడు, అంతే. కూర్చోమనలేదు. మేమిద్దరం నిలబడే ఉన్నాం. నిలబడే చెప్పాను.

"నాయనా, తుపాకి సంగతి చూసింది చిన్నాయన కాదు, నేను. అది పేలుతుందని రాసిన కాగితం నాకు దొరికింది. చదివి, చించి పారేసి, ఏం లేదని చిన్నాయనకు అబద్ధం చెప్పినా. నువ్వు ఆయన్ను అన్న ప్రతి మాటా నన్ను అనాల్సింది. తాతకు చెప్పుకునే దారి లేకుండా చేసుకున్నా. మీ ఇద్దర్నీ ఇన్నేండ్లు విడదీసింది నేను. చిన్నాయనా, తప్పు నాది. నన్ను క్షమించు."